ఆరో పేరు

అయిదు పేర్లు టీ చల్లారేలోపే రాసేశాను.
ఆరో గీత మీద పెన్ను ఆగింది.
లిఫ్టర్.

స్మాష్ కొట్టినవాడి ఫొటో పేపర్లో పడుతుంది.
బంతి లేపి ఇచ్చినవాడు ఏం చేస్తాడో
కన్నతల్లికే చెప్పడం రాదు,
"మావాడు మధ్యలో ఉంటాడండీ" అంటుంది.

ఇద్దరున్నారు నాకు.
ఇన్నారెడ్డి ఆరడుగుల మీద రెండంగుళాలు.
వాడి వేళ్ళకి తగిలిన బంతి చప్పుడు చెయ్యదు,
దూదిలో పడి దూదిలోంచి లేచినట్టుంటుంది.
చినమస్తాను పొట్టి.
వాడు లేపిన బంతి ఒక్కోసారి గిరగిరా తిరుగుతుంది,
రిఫరీ విజిల్ని నోటిదాకా తీసుకెళ్ళి
ఆలోచనలో పడతాడు.

నోటుబుక్కులో లెక్కలున్నాయి.
వంద బంతులకి ఇన్నారెడ్డివి ఎనభై ఏడు మంచివి,
మస్తానువి డెబ్భై నాలుగు.
అక్కడితో తెమిలిపోవాల్సిన మాటే.
క్లబ్బు సెక్రటరీ కోటిలింగంగారూ అదే అన్నారు
అరండల్‌పేటలో పెసరట్టు తుంచుకుంటూ:
"లెక్క చూసి రాసెయ్యవయ్యా,
పెళ్ళి సంబంధమా ఏమన్నానా?"

ఆయనకేం తెలుసు.
అవి పొద్దున ఆరింటి లెక్కలు.
పాసు తిన్నగా చేతికందినప్పటి లెక్కలు.

మార్చి నెల సాయంత్రం
మిర్చి యార్డు వైపు నించి గాలి తిరిగిందంటే
గుంటూరులో ఆటంతా దగ్గే.
కళ్ళు మండి, ముక్కులు కారి,
పాసు ఎటు పోతుందో ఇచ్చినవాడికే తెలీదు.
అసలు పరీక్ష నేను పెట్టేది అప్పుడు.
ఎవరికీ చెప్పను.
సైకిల్ స్టాండు పక్కన నిలబడి
బంతిని వదిలేసి
బంతి పాడైపోయాక మొహాలు చూస్తాను.

ఇన్నారెడ్డి, పాసిచ్చినవాడి వంక చూస్తాడు.
తిట్టడు, బుద్ధిమంతుడు.
ఒక్క చూపు, అంతే.
ఆ చూపుకి శౌరి మోకాళ్ళు బిగుసుకుపోవడం
మూడుసార్లు కళ్ళారా చూశాను.
మస్తాను ఎవరి వంకా చూడడు.
పోయే బంతి వెనకాలే పోతాడు,
బెంచీ మీద పడతాడు, నీళ్ళ డ్రమ్ము మీద పడతాడు,
లేచి, గీరుకుపోయిన మోచెయ్యి దులుపుకుంటూ
"నాదే, నాదే" అంటాడు
తనది కాని తప్పుని.

ఇంకోటి.
నిన్న బాజీ వరసగా రెండు నెట్టులోకి కొట్టాడు.
తలెత్తడం లేదు.
మూడో బంతి అవతలి కొసకివ్వాలని
చిన్నపిల్లాడైనా చెబుతాడు.
మస్తాను మళ్ళీ బాజీకే ఇచ్చాడు.
బాజీ మళ్ళీ నెట్టులోకే కొట్టాడు.
నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను.
నాలుగోదీ వాడికే!
అది నేలని గుద్దిన చోట మట్టిలో అచ్చు పడింది,
పొద్దున్నే వెళ్ళి మళ్ళీ చూసొచ్చాను.

కానీ నాలుగోదీ నెట్టుకే తగిలుంటే
ధైర్యం అంటున్న ఇదే నోటితో
మొండితనం అనుండేవాణ్ణి.
కోచ్ ఉద్యోగంలో సగం ఇదే,
జరిగిపోయినదానికి మంచి పేరు వెతకడం.

ఇరవై ఆరేళ్ళ కిందట బెజవాడలో
ఆరుగురి పేర్లు చదివి, నాది చదవని మాస్టారు
భుజం మీద చెయ్యేసి
"నీ చేతులు బాగున్నాయిరా" అన్నాడు.
మంగళగిరి దాటేదాకా బస్సులో
ఆ చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాను.
బాగానే ఉన్నాయి మరి.

అందుకని ఇవాళ
ఇన్నారెడ్డికి ఆ మాట చెప్పలేదు.
నెట్టు కడుతుంటే దగ్గరికెళ్ళి
"రేపు మస్తాను దిగుతాడు" అన్నాను, అంతే.
ఎందుకని అడిగితే చెప్పడానికి
రాత్రంతా కూర్చిన నాలుగు వాక్యాలు
జేబులోనే ఉన్నాయి.

వాడేమీ అడగలేదు.
తాడు ముడి బిగించి
నా వంక చూశాడు.
ఒక్క చూపు.

నా మోకాళ్ళు.